ప్లేగు టీకా ప్రదాత హాఫ్‌కిన్: ఒక యూదు శాస్త్రజ్ఞుని భారత సేవ

మన దేశమున అంటువ్యాధులను దేవతల ఆగ్రహముగ తలంచిన కాలమొకటి యుండెను. కోస్తా పల్లెలలో కలరాను మరిడి యనిరి. మరిడమ్మ తల్లికి జాతరలు చేసిరి. మహమ్మారినుండి కాపాడుమని ఒక సైనికోద్యోగి మ్రొక్కుకొనగా, ఆ మ్రొక్కు ఫలితముగ 1813 అనంతర కాలమున సికింద్రాబాదులో ఉజ్జయినీ మహంకాళి వెలసెనని ప్రతీతి. నేటికిని ఆషాఢమాసమున బోనమెత్తుకొని నడచు మన ఆడపడుచుల శ్రద్ధాభక్తుల వెనుక, ఒకనాడు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీచేసిన ఆ వ్యాధుల జ్ఞాపకము దాగియున్నది. ఊరిలో ఎలుకలు రాలిన వెంటనే జనులు ఇండ్లు వదలి, ఊరి వెలుపల పాకలు వేసికొని కాలము గడపుట దక్కనులోని పెద్దలు ఎరిగిన సంగతియే.

అట్టి భయమును సూదిమొనతో ఎదుర్కొన్న మనుష్యుడొకడు కలడు. ఆయన హిందువు కాడు, మహమ్మదీయుడు కాడు, ఆంగ్లేయుడును కాడు. రష్యా సామ్రాజ్యమున పుట్టి, యూదుడైన నేరమునకు స్వదేశమున నిలువ నీడలేక, పారిస్ మీదుగా మన దేశమునకు వచ్చి, జీవితమున ఇరువది సంవత్సరములు మన ప్రజల ఆరోగ్యమునకు ధారపోసెను. ముంబైలోని పరేల్ ప్రాంతమున నున్న హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు మనలో అనేకులు వినియే యుందురు. కాని ఆ పేరుగల మహనీయుని కథ తెలిసినవారు కొలదిమంది. ఆయన భారత ప్రభుత్వోద్యోగి. చేయని తప్పునకు అధికారుల చేతిలో నింద మోసిన ఉద్యోగి. కావున మనవంటి ఉద్యోగుల కుటుంబములు ఒక్కచో కూడిన ఈ సందర్భమున ఆయనను స్మరించుట ఉచితమని నా భావన.

యూదులనగా మనకు బొత్తిగ కొత్తవారు కారు. కొచ్చిన్‌లోని పరదేశి సినగాగు 1568లో నిర్మితమైనది. కొంకణ తీరమున బెనె ఇజ్రాయెల్ అను యూదులు శతాబ్దములుగ నూనెగానుగ వృత్తి చేసిరి. శనివారము వారికి విశ్రాంతి దినము. ఆనాడు గానుగ త్రిప్పరు. అందుచేత ఇరుగుపొరుగువారు వారిని 'శనివార తేలీ'లని పిలిచిరి. 17వ శతాబ్ది చివర మద్రాసునందు యూదు వర్తకులు కొందరు మన గోలకొండ వజ్రముల వ్యాపారము సాగించిరి. 1832లో బాగ్దాదునుండి బొంబాయి చేరిన డేవిడ్ సాసూన్ వంశీయులు ఆ నగరమునకు గ్రంథాలయములను, ఆసుపత్రులను ఇచ్చిరి. బెనె ఇజ్రాయెల్ కుటుంబమున జన్మించిన డాక్టర్ జెరూషా ఝిరాద్ స్త్రీల వైద్యమున గావించిన సేవకు 1966లో పద్మశ్రీ పొందెను. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 తరువాత ఈ సమాజములలో అత్యధికులు అచటికి తరలిపోయిరి. కాని ఈ గడ్డపై స్థానిక ప్రజలు తమ యూదు పొరుగువారిని మతము పేర హింసింపలేదన్న సత్యము చరిత్రలో నిలిచియున్నది.

ఐరోపా ఖండపు చరిత్ర ఇట్టిది కాదు. అచట యూదుల చరిత్రకును, వ్యాధుల చరిత్రకును ఒక విషాదకరమైన ముడి గలదు. 1347లో ఐరోపాలో ప్రవేశించిన ప్లేగు కొలది సంవత్సరములలోనే ఆ ఖండపు జనాభాలో మూడవ వంతునకు తక్కువ గాకుండ బలిగొనెను. కారణము తెలియని జనులు కారకుని వెదకిరి. యూదులు బావులలో విషము కలిపిరన్న పుకారు పుట్టెను. చిత్రహింసలు పెట్టి వారిచేత నేరము ఒప్పించిరి. 1349 జనవరిలో బాసెల్ నగరమునను, ఫిబ్రవరి 14వ తేదీన స్ట్రాస్‌బుర్గ్ నగరమునను యూదులను సామూహికముగ అగ్నికి ఆహుతి చేసిరి. స్ట్రాస్‌బుర్గ్‌లో ఆ ఘోరము జరుగునాటికి ప్లేగు ఆ నగరమును ఇంకను చేరనేలేదు! యూదులును ఈ రోగముచేతనే చచ్చుచుండగా వారే దీనిని కల్పించిరనుట అసంగతమని పోప్ ఆరవ క్లెమెంట్ 1348లోనే ప్రకటించెను. కాని భయపడిన గుంపునకు తర్కము చెవికెక్కునా?

ఐదున్నర శతాబ్దముల అనంతరము, ఆ ప్లేగునకే తొలి సఫలమైన టీకాను ఒక యూదుడు సిద్ధపరచుట చరిత్రలోని విచిత్రము. ప్రజలకు విషమెక్కించినట్టి నిందకు ఆయనయు గురియగుట అంతకంటె విచిత్రము.

ఒడెస్సా నుండి పారిస్‌కు

వాల్డెమార్ మొర్దెకై హాఫ్‌కిన్ 1860 మార్చి 15వ తేదీన నల్లసముద్ర తీరమందలి ఒడెస్సా నగరమున జన్మించెను. అది నేడు ఉక్రెయిన్ దేశములోనిది. నాడు జారు చక్రవర్తుల ఏలుబడిలోనిది. ఆ సామ్రాజ్యమున యూదులు పడమటి జిల్లాలలో నిర్ణీతమైన ఎల్లలలోపల మాత్రమే నివసింపవలెనన్న కట్టుబాటు 18వ శతాబ్ది చివరినుండి అమలులో నుండెను. తండ్రి సామాన్య వర్తకుడు. కుమారుడు చదువున చురుకైనవాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఆయనకు లభించిన గురువు ఇల్యా మెచ్నికోవ్. రక్తములోని కణములు రోగక్రిములను మ్రింగివేయు విధమును కనుగొని 1908లో నోబెల్ బహుమానము పొందిన మహాశాస్త్రజ్ఞుడు ఆయనయే.

1881 మార్చిలో జారు రెండవ అలెగ్జాండర్ హత్య జరిగెను. ఆ నెపమున దక్షిణ రష్యా పట్టణములలో యూదుల ఇండ్లపైనను, దుకాణములపైనను అల్లరిమూకలు విరుచుకుపడెను. ఒడెస్సాలో యూదు యువకులు కొందరు ఆత్మరక్షణ దళముగ ఏర్పడిరి. వారిలో హాఫ్‌కిన్ ఒకడు. ఆ ఘర్షణలో ఆయన గాయపడెను; పోలీసులు ఆయననే నిర్బంధించిరి. మెచ్నికోవ్ కలుగజేసికొని విడిపించెను. తరువాత 1882లో యూదులపై క్రొత్త నిర్బంధ శాసనములు వచ్చెను. 1887లో విద్యాలయములలో యూదు విద్యార్థుల సంఖ్యకు హద్దు విధించిరి: వారి నివాస మండలమున నూటికి పదిమంది, వెలుపల ఐదుగురు, రాజధానులలో ముగ్గురు.

డాక్టరేటు పట్టము పొందిన హాఫ్‌కిన్‌నకు విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయ పదవి లభింపలేదు. రష్యా సనాతన క్రైస్తవ మతము స్వీకరించినచో మార్గము సుగమమగునని సూచించిరి. అట్లు మతము మార్చుకొని పదవులందిన యూదులు నాడు లేకపోలేదు. హాఫ్‌కిన్ అంగీకరింపలేదు. ఒడెస్సా జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో చిన్న కొలువు చేసి, 1888లో దేశము విడిచి జెనీవాకును, మరుసటి ఏట పారిస్ పాశ్చర్ సంస్థకును చేరెను. అప్పటికే మెచ్నికోవ్ అచట నుండెను. అయినను ఖాళీగ నున్నది గ్రంథాలయములోని ఉద్యోగ మొక్కటే. హాఫ్‌కిన్ దానిని స్వీకరించి, తీరిక వేళలలో ప్రయోగశాలలో కృషిచేసెను.

కలరా క్రిమిని 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ మన కలకత్తాలోనే, చెరువు నీటియందు గుర్తించియుండెను. దాని వలన మనుష్యునికి ముందుగ రక్షణ కలిగించుట యెట్లు? హాఫ్‌కిన్ ఆ క్రిమిని ఒక విధమున బలహీనపరచెను. గినీపందుల శరీరములలో వరుసగ పెంచి మరియొక విధమున బలవత్తరము చేసెను. మొదట బలహీనమైన దానిని, కొలది దినముల తరువాత బలమైన దానిని చర్మము క్రింద ఎక్కించుట ఆయన పద్ధతి. ఇది మనుష్యునికి హాని చేయదని తేల్చుట యెట్లు? 1892 జులై 18వ తేదీన ఆయన ఆ క్రిములను తన శరీరముననే ఎక్కించుకొనెను. జ్వరము వచ్చి తగ్గెను. ఆ నెలాఖరున ఫలితమును పారిస్ జీవశాస్త్ర సంఘమునకు నివేదించెను.

ఆ ఏడు రష్యాలోనే కలరా చెలరేగుచుండెను. తన టీకాను స్వదేశమునకు సమర్పింప హాఫ్‌కిన్ ముందుకు రాగా జారు ప్రభుత్వము నిరాకరించెను. పారిస్‌లో బ్రిటిషు రాయబారిగా నున్న డఫ్రిన్ ప్రభువు పూర్వము భారతదేశపు వైస్రాయి. కలరా భారతమున కలిగించు నష్టమెట్టిదో ఎరిగినవాడు. ఆయన హాఫ్‌కిన్ దృష్టిని మన దేశమువైపు మరలించెను. 1893 మార్చిలో హాఫ్‌కిన్ కలకత్తాలో దిగెను.

కలకత్తా బస్తీలలో

వచ్చినవాడు విదేశీయుడు, వైద్య పట్టము లేనివాడు, చేత సూది పట్టినవాడు. ప్రజలు అనుమానించుటలో వింత యేమి? పాలకుల సర్వకార్యములును తమ మతాచారములపై పన్నిన పన్నాగములేమో యను శంక నాడు లోకమున ప్రబలియుండెను. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన ఆంగ్ల వైద్యులలోను పలువురు ఈ నూతన పద్ధతిని విశ్వసింపలేదు. మొదట ఆగ్రాలోను, ఉత్తరదేశపు సైనిక శిబిరములలోను పని ప్రారంభమయ్యెను.

1894 మార్చిలో కలకత్తా నగర ఆరోగ్యాధికారి డాక్టర్ సింప్సన్ ఆహ్వానముపై హాఫ్‌కిన్ కట్టాల్ బగాన్ అను బస్తీకి వెళ్ళెను. ఒకే చెరువు నీరు వాడుకొను అచటి పేదలలో కలరా కనబడెను. టీకా వేయ వచ్చిన బృందమును జనులు రాళ్ళు రువ్వి ఎదిరించిరి. అప్పుడు ఆ బృందములోని బెంగాలీ వైద్యులు జనులు చూచుచుండగా తామే ముందు టీకా వేయించుకొనిరి. ఆ దృశ్యముతో జనుల మనస్సు కరగెను. సుమారు 200 మందిలో 116 మంది టీకాకు చేయి చాచిరి. తదుపరి దినములలో ఆ బస్తీలో 10 మందికి కలరా సోకి, 7గురు మరణించిరి. ఆ పదిమందియు టీకా వేయించుకొననివారే. ఉపన్యాసములు చేయజాలని పనిని ఆ చిన్న లెక్క చేసెను. 1895 నడిమికి ఆయన చేతిమీదుగ టీకా పొందినవారి సంఖ్య 40 వేలు దాటెను. మలేరియా జ్వరముతో కృశించి ఆ ఏడు ఆయన ఐరోపాకు వెళ్ళెను. మరుసటి ఏట మరల వచ్చెను.

బొంబాయి ప్లేగు

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతమున ప్లేగు బయలుపడెను. దానిని మొదట గుర్తించినవాడు డాక్టర్ అకాసియో వియేగాస్ అను గోవా వైద్యుడు. ప్రభుత్వము హాఫ్‌కిన్‌ను పిలిపించెను. అక్టోబరు 7వ తేదీన ఆయన బొంబాయి చేరెను. గ్రాంటు వైద్య కళాశాలలో ఆయనకు ఇచ్చిన సౌకర్యము ఒక గది, ఒక వసారా, ఒక గుమాస్తా, ముగ్గురు జవానులు. ఆ కొద్దిపాటి సాధనములతోనే ఆయన రేయింబవళ్ళు శ్రమించెను. మేకమాంసపు రసమున ప్లేగు క్రిములను పెంచెను. గోమాంసముగాని, పందిమాంసముగాని తగిలినచో హిందువులును, మహమ్మదీయులును టీకా ముట్టరని ఆయన ఎరుగును. రసముపై తేలవిడిచిన నేతి బొట్లను ఆశ్రయించి క్రిములు దారములవలె క్రిందికి వ్రేలాడుచు పెరిగెను. వానిని వేడిచే చంపి, కార్బాలిక్ ఆమ్లము కలిపి టీకాను సిద్ధపరచెను. కలరాకు సజీవ క్రిమి. ప్లేగునకు మృత క్రిమి. చంపిన క్రిమియైనను శరీరమునకు శత్రువును గుర్తింప నేర్పునన్న సూత్రము ఇందు గలదు.

1897 జనవరి 10వ తేదీన ఆయన దానిని తన శరీరముననే, అదియు తరువాత ప్రజలకిచ్చిన మోతాదు కంటె చాల హెచ్చుగ, ఎక్కించుకొనెను. తీవ్రమైన జ్వరము, బాధ కలిగెను, కోలుకొనెను. ఆ నెలాఖరున బైకుల్లా కారాగారమున ప్లేగు ప్రవేశింపగా, అంగీకరించిన ఖైదీలకు టీకా వేసి, వేయించుకొననివారితో పోల్చి చూచిరి. టీకా పొందినవారిలో రోగమును, మరణములును గణనీయముగ తగ్గెను. ఇది సంపూర్ణ రక్షణ కాదని హాఫ్‌కిన్ దాచలేదు. కాని వేరు మందులేని ఆ కాలమున ప్రాణాపాయము తగ్గుటయే మహాభాగ్యము.

అదే సంవత్సరమున ప్రభుత్వము అంటువ్యాధుల శాసనమును చేసెను. సోల్జర్లు ఇండ్లలో చొరబడి రోగులను ఈడ్చుకొనిపోవుట, సామానులు తగులబెట్టుట ప్రజలను మిక్కిలి కలవరపెట్టెను. పుణెలో ప్లేగు అధికారి రాండ్‌పై 1897 జూన్ 22వ తేదీన చాపేకర్ సోదరులు కాల్పులు జరుపుట ఆ ఆగ్రహ ఫలితమే. అదే నగరమున ప్లేగు రోగులకు సేవచేయుచు సావిత్రీబాయి ఫులే ఆ ఏటి మార్చి 10వ తేదీన అసువులు బాసెను. బలవంతముతో సాధింపలేనిది నమ్మకముతో సాధింపవచ్చునని హాఫ్‌కిన్ భావించెను. టీకా స్వచ్ఛందముగనే ఉండవలెనన్నది ఆయన పట్టు. ఖోజా సమాజపు మతగురువు ఆగాఖాన్, అప్పటికి ఇరువది ఏండ్లైన నిండని యువకుడు, తన భవనమును ప్రయోగశాల కొరకు ఇచ్చి, తాను బహిరంగముగ టీకా వేయించుకొనెను. వేలకొలది అనుచరులు ఆయనను అనుసరించిరి. యూదుడు కాచిన మందును మహమ్మదీయ గురువు స్వీకరించి, హిందువులకును, పారసీకులకును ధైర్యము చెప్పిన ఆ ఘట్టము మన దేశ చరిత్రలో మరువరానిది. 1899 ఆగస్టు 10వ తేదీన పరేల్‌లోని పాత గవర్నరు భవనమున ప్లేగు పరిశోధనాలయము ప్రారంభమయ్యెను; హాఫ్‌కిన్ దాని అధిపతి.

మల్కోవాల్ దుర్ఘటన

1902లో పంజాబున ప్లేగు విజృంభించెను. ఆ ప్రభుత్వము పరేల్ నుండి లక్షలకొలది మోతాదులను కోరెను. అంత సరుకు త్వరగ సిద్ధపరచుటకై హాఫ్‌కిన్ కార్బాలిక్ ఆమ్లము మాని, వేడిచే మాత్రమే శుద్ధిచేయు పద్ధతిని అవలంబించెను. పారిస్ పాశ్చర్ సంస్థలో ఈ పద్ధతి పరిచితమే. అక్టోబరు 30వ తేదీన మల్కోవాల్ అను గ్రామమున (నేడు పాకిస్తానులోనిది) 107 మందికి టీకాలు వేసిరి. వారము తిరుగకముందే వారిలో 19 మందికి ధనుర్వాతము సోకెను. ఆ పంతొమ్మండుగురును మరణించిరి. వారందరికిని ఒకే సీసానుండి టీకా వేసిరి; ఆ సీసా సంఖ్య 53ఎన్. మిగిలిన సీసాలనుండి వేయించుకొన్న 88 మందికి ఏమియు కాలేదు.

ఆ పందొమ్మిది కుటుంబముల దుఃఖమును మనము చిన్నదిగ చూడరాదు. నమ్మి చేయి చాచిన అమాయకులు వారు. కావున విచారణ జరుగుట న్యాయమే. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్‌ను, ఇద్దరు వైద్యాధికారులను ప్రభుత్వము విచారణ సంఘముగ నియమించెను. సీసా తెరువకముందే, అనగా పరేల్‌లోనే, విషక్రిమి చేరెనని సంఘము తీర్మానించెను. హాఫ్‌కిన్‌ను పరిశోధనాలయ నిర్వహణనుండి తొలగించిరి. ఆయన 1904లో లండన్ చేరి, తన నిర్దోషిత్వమును నిరూపించుకొన యత్నించుచు కాలము గడపెను. విచారణ పత్రములు ప్రభుత్వ గెజెటులో వెలువడుటకు 1906 చివరి వరకు వేచియుండవలసివచ్చెను. ఒక ఫైలు కదలకుండుట వలన ఒక మనిషి జీవితమేమగునో మన శాఖలలో పనిచేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

పత్రములు వెలువడిన తరువాత నిపుణులు వానిని పరిశీలింప, వేరొక సంగతి బయటపడెను. ఆనాడు మల్కోవాల్‌లో సీసా బిరడా తీయునపుడు సహాయకుని చేతినుండి పట్టకారు నేలపై పడెను. దానిని సరిగ శుద్ధిచేయకయే మరల బిరడా తీయుటకు వాడిరి. ధనుర్వాత క్రిమి నివాసము మట్టియే కదా! అంతేకాక ఆ సీసా నింపి నెలకు పైగా గడచెను. పరేల్‌లోనే ఆ క్రిమి చేరియుండినచో అన్నాళ్ళకు అది పెరిగి దుర్గంధము పుట్టవలెను. సీసా తెరచిన వైద్యుడు అట్టి వాసన లేదని సాక్ష్యము పలికెను. అనగా క్రిమి చేరినది సీసా తెరచిన వేళనే.

ఈ వాదమును లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు రొనాల్డ్ రాస్. దోమల వలన మలేరియా వ్యాపించునని 1897లో సికింద్రాబాదునందు కనుగొని నోబెల్ బహుమానము పొందిన రాస్ మన తెలుగువారికి చిరపరిచితుడే. అంతేకాదు, ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసున పనిచేసినవాడు; ఆ సర్వీసు వైద్యులు హాఫ్‌కిన్‌ను తమవానిగ ఎన్నడును ఎంచలేదు. అయినను రాస్ పక్షము చూడలేదు, సాక్ష్యమును చూచెను. ఈ అన్యాయము సరిదిద్దనిచో టీకాపై ప్రజలకు నమ్మకము నశించి, ఇంకెందరో ప్రాణములు కోల్పోవుదురని ఆయన పత్రికలలో వ్రాసెను. 1907 జులైలో సింప్సన్ ఆదిగాగల పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికలో లేఖ ప్రకటించి, హాఫ్‌కిన్‌పై మోపిన నేరము నిరాధారమనిరి. ఆ ఏడు నవంబరునాటికి ప్రభుత్వము ఆయనను నింద నుండి విముక్తుని చేసి మరల కొలువునకు పిలిచెను. దుర్ఘటన జరిగి అప్పటికి ఐదేండ్లు.

నింద వెనుక నీడ

ఫ్రాన్సు దేశమున ఆల్‌ఫ్రెడ్ డ్రేఫస్ అను యూదు సైనికాధికారి చేయని దేశద్రోహమునకు 1894లో శిక్షితుడై, 1906లో నిర్దోషిగ తేలిన ఉదంతము లోకప్రసిద్ధము. హాఫ్‌కిన్ వ్యవహారమును 'చిన్న డ్రేఫస్ వ్యవహారము' అని పలువురు పేర్కొనిరి. ఈ పోలిక ఎంతవరకు సరి? డ్రేఫస్ విషయమున పత్రికలు, గుంపులు బాహాటముగ యూదులను దూషించెను. హాఫ్‌కిన్ విషయమున ఆయన మతము ఆరోపణలలో చేరలేదు. ఆయన వైద్య పట్టము లేని జీవశాస్త్రజ్ఞుడు. ఇండియన్ మెడికల్ సర్వీసున చేరనివాడు. రష్యాతో బ్రిటనుకు వైరము నడచు దినములలో రష్యాలో పుట్టినవాడు. దానికి తోడు యూదుడు. వీనిలో ఏ ఒక్కటియు నేరము కాదు; కాని అన్నియు కూడి ఆయనను ఏకాకిని చేసెను. తమవాడైనచో 'పొరపాటు జరిగియుండును, విచారింతము' అనువారు, పరాయివాడైనచో 'పొరపాటు వానిదే' యని తేల్చివేయుదురు. ద్వేషము ఎల్లప్పుడును గొంతెత్తి అరువదు. ఒక్కొక్కప్పుడు సందేహ లాభమును ఇయ్యకుండుటయే దాని రూపము. స్ట్రాస్‌బుర్గ్ గుంపునకును, సిమ్లా కచేరీకిని హస్తిమశకాంతరము గలదు. రెండింటను కారణము కంటె ముందు కారకుని పేరు సిద్ధమయ్యెనన్న పోలిక మాత్రము విస్మరింపరానిది.

హాఫ్‌కిన్ కలకత్తాకు తిరిగి వచ్చెను. పరేల్ అధిపత్యము మాత్రము మరల లభింపలేదు. మనుష్యులపై క్రొత్త టీకాల ప్రయోగమునకును అనుమతి లేకపోయెను. మొదటి ప్రపంచ యుద్ధ ప్రారంభ కాలమున ఉద్యోగ విరమణ చేసి ఐరోపాకు వెళ్ళెను. ఆయన వివాహము చేసికొనలేదు. యౌవనమున మతనిష్ఠకన్న శాస్త్రనిష్ఠ అధికముగ గల ఆ మనుష్యుడు, జీవిత సాయంకాలమున పూర్వుల ఆచారములను శ్రద్ధతో పాటించెను. 1916లో యూదు సనాతన ధర్మమును సమర్థించుచు వ్యాసము ప్రకటించెను. యుద్ధానంతరము తూర్పు ఐరోపా యూదుల హక్కులకై పాటుపడెను. పదవి కొరకు విడువని మతమును పదవి విడిచిన పిదప మరింత దగ్గరకు తీసికొనెననవచ్చును. తన యావదాస్తిని తూర్పు ఐరోపాలోని యూదు విద్యాపీఠములకు వ్రాసి, 1930 అక్టోబరులో స్విట్జర్లాండులోని లొజాన్ నగరమున కన్నుమూసెను.

భారతదేశము ఆయన ఋణమును కొంతవరకు తీర్చుకొనెను. పరేల్ సంస్థకు 1925లో, ఆయన జీవించియుండగనే, ఆయన పేరు పెట్టిరి. 1964లో మన తపాలా శాఖ ఆయన చిత్రముతో తపాలా బిళ్ళ వెలువరించెను. అదే సంవత్సరమున ఆయన జీవితచరిత్రను గ్రంథస్థము చేసినవాడు సెల్మాన్ వాక్స్‌మన్. వాక్స్‌మన్ ఉక్రెయిన్ ప్రాంతమున పుట్టిన యూదుడే. ప్లేగును సైతము నయము చేయు స్ట్రెప్టోమైసిన్ ఔషధమునకు గాను 1952లో నోబెల్ బహుమానము పొందినవాడు. ప్లేగును నిలువరించిన వాని కథను ప్లేగును నయము చేసిన మందునకు కారకుడైనవాడు వ్రాయుట ఎంతయు సముచితము.

ఇది గతించిన కథ కాదు. 1897 నాటి అంటువ్యాధుల శాసనమునే 2020లో కోవిడ్ వేళ మన ప్రభుత్వము చేపట్టెను. ఆ దినములలో వైద్యులను, నర్సులను రోగము తెచ్చెదరన్న భయముచే అద్దె ఇండ్లు ఖాళీ చేయుమన్నవారిని చూచితిమి; వారి రక్షణకై ఆ ఏప్రిలులో ఆ శాసనమునకు సవరణయు చేయవలసివచ్చెను. 2021లో హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ టీకాను మనలో అనేకులు వేయించుకొనిరి. నిర్జీవము చేసిన క్రిమిచే శరీరమునకు రక్షణ నేర్పుట దాని సూత్రము. 1897లో బొంబాయిలో ఒక గదిలో, ఒక వసారాలో హాఫ్‌కిన్ ప్లేగునకు అనుసరించిన మూలసూత్రమును అదియే.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగినవి రెండు. వ్యాధికి కులము లేదు, మతము లేదు. భయపడిన మనస్సు మాత్రమే దానికొక కులమును, మతమును అంటగట్టును. ఇది మొదటిది. రెండవది ఉద్యోగులమైన మనకు ప్రత్యేకముగ వర్తించును. మన బల్లపైకి వచ్చు ప్రతి ఫైలు వెనుక ఒక మనిషి పరువు ఉన్నది. అతడు ఏ భాషవాడు, ఏ శాఖవాడు, ఎవరి మనిషి యను ప్రశ్నలు ప్రక్కనబెట్టి, పట్టకారు నేలపై పడెనా లేదా యని మొదట అడుగుట న్యాయము. రొనాల్డ్ రాస్ అడిగినది అదియే. ఆ ప్రశ్న 1903లోనే అడిగియుండినచో, మన దేశమునకు హాఫ్‌కిన్ మరియొక దశాబ్దపు కృషి దక్కియుండెడిది.

ముంబైకి పోవు మిత్రులు పరేల్ మార్గమున వెళ్ళినపుడు ఆ పాత భవనమువంక ఒక్కసారి చూడుడు. మన పూర్వులలో ఎందరి ప్రాణములో ఆ గోడల నడుమ తయారైన సీసాలచే నిలిచెను. ఆ సీసాలను సిద్ధపరచినవానికి మనస్సులోనైన ఒక నమస్కారము చేయుట మన ధర్మము.